తిన్న రెండు గంటలకి

తిన్న రెండు గంటలకి రక్తం ఇవ్వాలి, అందులో ఒక గంట గడిచింది, రెండో గంట కూడా ఈ కుర్చీలోనే గడవాలి, కుర్చీ మామూలు నడుముల కోసం చేసింది, నా నడుము మామూలు హద్దులు దాటి చాలాకాలమైంది. పక్క కుర్చీలో అమ్మ, ఒళ్ళో సంచీ, చూపు గోడ గడియారం మీద, రెప్ప వేస్తే ముల్లు ఎక్కడ తప్పించుకుపోతుందో అన్నట్టు. పొద్దున నేను తిన్నది ఉడికించిన గుడ్డు, ముతక బ్రెడ్డు ముక్కలు రెండు, కీరా ముక్కలు మాత్రం ఎన్నంటే అన్ని. కీరా మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంత పెద్ద లోకంలో నన్నిప్పుడు రమ్మని పిలుస్తున్నది కీరా ఒక్కటే, నాకేమో దాని మొహం చూస్తేనే ఒళ్ళు మండుతోంది. గంట అయ్యాక నర్సు పిలుస్తుంది, వేలు గుచ్చుతుంది, మిషన్ మీద ఒక అంకె పడుతుంది, నూట ఇరవై లోపల పడితే పురుడు దాకా ఇలాగే కీరాతో కాపురం చెయ్యొచ్చు, దాటితే ఇన్సులిన్, రోజూ, పొట్ట దగ్గర. పోయిన వారం దాటింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఇంకొక్క వారం చూద్దాం అంది, లైసెన్సు లేకుండా దొరికినవాణ్ణి మొదటిసారి కదా అని వదిలేసే పోలీసులాగా. నేనూ ఆ దొరికినవాడిలాగే వంగి వంగి దణ్ణాలు పెట్టి బయటికొచ్చాను, ఏం తప్పు చేశానో ఇప్పటికీ తెలియదు.

లోపలి మనిషి కదిలాడు. ఆడో మగో తెలియదు కనక లోపలి మనిషి అంటాం, నేనూ మా ఆయనా. ఈ మనిషికి నేను తిన్నదే తిండి, నా రక్తంలో తీపి పెరిగితే అక్కడ కూడా పెరుగుతుంది, చాలు అని చెయ్యి అడ్డం పెట్టే వీలు లేదు పాపం, వడ్డించేదాన్ని నేనూ, ఆపాల్సినదాన్ని నేనూ. కీరా వెళ్ళినప్పుడల్లా ఒక తన్ను తన్నుతాడు. ఇదివరకు ఐస్‌క్రీమ్ వెళితే మెల్లగా ఒక దొర్లు దొర్లేవాడు, పరుపు మీద ఒత్తిగిలినట్టు, ఆ సుఖం నాక్కూడా తగిలేది. ఐస్‌క్రీమ్ గురించి ఆలోచించకూడదు, ఆలోచిస్తే కూడా షుగర్ పెరుగుతుందేమో ఎవరికి తెలుసు, ఆలోచనకి రెండు గంటల తరవాత పరీక్ష పెడితే నేను ఎప్పుడో ఆస్పత్రిలో చేరి ఉండేదాన్ని.

ఈ షుగరు బయటపడిన రోజు కూడా ఈ వరసలోనే కూర్చోబెట్టారు. గ్లూకోజు కలిపిన నీళ్ళు ఇచ్చారు, గడగడా తాగి, పెదాలు తుడుచుకుని, తీపి ఒక పిసరు ఎక్కువైంది, చివర్లో చేదు తగులుతోంది అన్నాను అలవాటుకొద్దీ. నర్సు గ్లాసు వంకా నా వంకా చూసింది. అప్పుడు చెప్పాల్సి వచ్చింది నా ఉద్యోగం. బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూస్తాను. తెల్లగోడల గది, ఐదుగురం, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా మధ్యలో అట్టలు, పళ్ళెంలో పొయ్యి దిగిన బిస్కెట్లు వస్తాయి, కొరికి, నమిలి, తీపికి ఇన్ని, కరకరకి ఇన్ని అని మార్కులు వెయ్యడం. ఈ ఉద్యోగం సంగతి విన్నవాళ్ళు మొదట అసూయ పడతారు, తరవాత నా నడుం వైపు చూస్తారు. నర్సు రెండూ చేసి, వచ్చిన అంకె చూసి, మూడో పని కూడా చేసింది, అయ్యో అంది.

ఇక బిస్కెట్టు మింగకుండా ఉమ్మెయ్యమని డాక్టరమ్మ చెప్పింది. పెళ్ళికి ముందు నుంచీ మింగి బతికినదాన్ని, ఉమ్మడం నేర్చుకోవడానికి వారం పట్టింది, నాలుక మాట వింటుంది కానీ గొంతు వినదు, దానికి దాని సొంత అలవాట్లున్నాయి. అదీ నేర్చుకున్నాను. ఈలోగా ఇంట్లో తీపి మానేసేసరికి నాలుకకి ఏమైందో, ఏ బిస్కెట్టు పెట్టినా పంచదార గోతాంలో మొహం పెట్టినట్టే ఉండేది. తీపి ఎక్కువ, తీపి ఎక్కువ అని రాస్తూ పోయాను. మా మేనేజరుని మేం పాకం సారు అంటాం, వేలితో ముంచి చూడందే ఏదీ నమ్మడు కనక, కానీ నన్ను నమ్మేవాడు, నమ్మి పంచదార తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. సరుకు బజారుకి వెళ్ళాక దుకాణాల వాళ్ళు ఫోన్ చేసి, పంచదార వెయ్యడం మర్చిపోయారా, లేక ఇది కుక్కలకి పెట్టే రకమా అని అడిగారట. పాకం సారు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేయించి, మంచివాడు, కేక వెయ్యలేదు, నీకంటే ముందు నీ నాలుక సెలవు పెట్టిందమ్మా అన్నాడు. ఇప్పుడు నేను అట్టపెట్టెల విభాగంలో జిగురు సరిగ్గా అంటిందో లేదో చూస్తున్నాను. ప్రతి పెట్టె మీదా నిలువెత్తు క్రీము బిస్కెట్టు బొమ్మ ఉంటుంది, సగం కొరికింది. మిగతా సగం ఎవరు తిన్నారన్నది సాయంత్రం దాకా నన్ను వదిలిపెట్టని ప్రశ్న.

సగం అంటే గుర్తొచ్చింది ప్లాస్టిక్ పళ్ళ పిల్ల. ఏం తినాలో చెప్పే ఆమె, ఈ వరండా చివరి గదిలో ఉంటుంది, నాకంటే చిన్నది, ఈనుపుల్లలా ఉంటుంది, ఆమె ముందు బుట్టలో ప్లాస్టిక్ తిండి, ప్లాస్టిక్ బ్రెడ్డు, ప్లాస్టిక్ గుడ్డు, ప్లాస్టిక్ చేప కూడా ఉంది, కళ్ళు తెరుచుకుని. సగం అరటిపండు తీసి బల్ల మీద పెట్టి, పండు ఇంత అంది. మిగతా సగం ఏదీ అన్నాను. మీవారికి ఇవ్వండి అంది. అదేదో సంసార ధర్మం చెప్పినట్టు చెప్పింది, నేనూ అలాగే పాటించాను, అప్పట్నుంచీ మా ఇంట్లో ప్రతి పండులోనూ సగం మా ఆయనది. నాకు తోడుగా ఉంటానని ఆయన కూడా తీపి మానేశాడు, అన్న మాట నిలబెట్టుకున్నాడు, అదే వచ్చిన చిక్కు. ఆయన దర్జీ, కూర్చునే పని, నాలుగేళ్ళుగా కడుతున్న బొజ్జ రెండు నెలల్లో కరిగిపోయింది, మెడ తేలింది, బుగ్గలో సొట్ట ఒకటి బయటపడింది, ఇన్నాళ్ళూ కాపురం చేసిన నాకే తెలియని సొట్ట. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళంతా ఏం తింటున్నారు, ఎలా తగ్గారు అని అడుగుతారట, వచ్చి నాకు చెబుతాడు, నవ్వుతాడు, సొట్ట పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక ఒకే మిషన్ మీద తన ప్యాంటు నడుము లోపలికి కుడతాడు, నా గౌను నడుము బయటికి వదులుతాడు. వంట కూడా ఆయన చేతికే వెళ్ళిపోయింది, కొలతల మనిషి కదా, గుడ్డ కొలిచినట్టే తిండీ కొలుస్తాడు, ఒకరోజు బ్రెడ్డు మీద టేపు కూడా పెట్టాడు, కోపమొచ్చి రోజంతా మాట్లాడలేదు, సాయంత్రం ఏమీ అనకుండా కీరాని పువ్వులా కోసి పెట్టాడు. తిన్నాను. పువ్వులా కోసినా అది కీరాయే.

ఎవరో ప్యాకెట్ చించారు. వెనక వరసలో. ఆ చప్పుడు మాదే, ఆ కాగితం మాదే, తరవాత కరకర వినిపించింది, పొయ్యిలో అర నిమిషం ఎక్కువ ఉన్న సరుకు అనుకున్నాను, అంతలోనే వాసన వచ్చింది, వెన్నా వెనీలా కలిసి, చెవుల వెనక నుంచి వచ్చి మెడ మీద చెయ్యి వేసినట్టు. నోట్లో నీళ్ళూరాయి. మింగాను. నీళ్ళు మింగితే పరవాలేదు కదా, అవి నావే కదా. అమ్మ చటుక్కున తిరిగి చూసింది, నా వైపు కాదు, వెనక్కి. మా అమ్మ బస్సు కండక్టరుగా చేసి దిగింది, దిగినా గొంతు దిగలేదు. ఇక్కడ తినకూడదు, అవతలికి జరగండి అంది. ఆయనెవరో పెద్దాయన, తప్పు చేసినవాడిలా లేచి ప్యాకెట్టుతో సహా వరండా అవతలికి వెళ్ళిపోయాడు, వెళుతూ వెళుతూ ఇంకొకటి నోట్లో వేసుకున్నాడు. వాసన కూడా వెళ్ళిపోయింది. ఆయన మీద జాలి, అమ్మ మీద కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి. ఈ మధ్య ప్రతిదానికీ నాకు రెండు వస్తున్నాయి.

ఈ అమ్మే కదా మొదట నవ్వింది. మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, తిన్నాం, కన్నాం, అంతే అంది. కడుపుతో ఉన్నదాని నోరు కట్టే డాక్టర్లు ఎక్కడైనా ఉన్నారా, వాళ్ళమ్మలు వాళ్ళని కీరాలు తినే కన్నారా అంది. రెండు వీధుల అవతల ఉంటుంది, రోజూ సాయంత్రం వస్తుంది, వచ్చేటప్పుడు సంచీలో ఒక కేకు ముక్క, మా ఆయన చూడకుండా నాకు సైగ, నేను వద్దంటే మొహం ముడుచుకుని, నాకు కాదే, లోపల ఉన్నవాడికి అనేది. ప్లాస్టిక్ పళ్ళ పిల్ల గదిలోకి రమ్మంటే రానంది, బొమ్మల కొట్లో నాకేం పని అని బయటే కూర్చుంది. అలాంటిది పోయిన వారం ఇక్కణ్ణించి వెళ్ళిన మర్నాటి పొద్దున్నే వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి దూరి, జామ్ సీసా, తేనె సీసా, మా ఆయన నాకు కనపడకుండా అటక మీద పెట్టిన బిస్కెట్ల డబ్బా, ఫ్యాక్టరీ వాళ్ళు నాకిచ్చిన పెద్ద కేకు, అన్నీ సంచీలో వేసుకుని పోయింది. టికెట్ లేని ప్రయాణికుణ్ణి దింపేసినట్టు ఒక్కొక్కదాన్నీ దింపేసింది. అప్పట్నుంచీ నేను ఏం నములుతున్నానో నోరు తెరిపించి చూడటం ఒక్కటే తక్కువ. నాకు ఒళ్ళు మండింది. తినమని చంపింది, ఇప్పుడు తినొద్దని చంపుతోంది, ఈ మనిషికి మధ్యలో స్టాపు లేదా అనుకున్నాను.

ఇంకా అరగంట. ఎదురుగోడ మీద పాపాయి బొమ్మ, ఏదో పౌడరు వాళ్ళు వేయించింది, బొద్దుగా, చేతుల మడతల్లో మడతలు, చిగుళ్ళన్నీ పెట్టి నవ్వుతోంది. ఇక్కడికొచ్చే ప్రతి ఆడమనిషీ దాన్ని చూసి, తన పొట్ట చూసుకుని, నవ్వుకుంటుంది. అమ్మ ఇదివరకు పట్టుబట్టి దానికి ఎదురుగా కూర్చునేది, అదీ పిల్లంటే, ఎముకల మీద తోలు కప్పుకుని పుడితే ఏం బాగుంటుంది అనేది. ఇవాళ కూర్చున్నప్పటి నుంచీ అటు చూడలేదు. గడియారం చూస్తోంది, తలుపు చూస్తోంది, నేల చూస్తోంది, కుర్చీని కూడా కొద్దిగా పక్కకి తిప్పుకుంది. ఎందుకు తిప్పుకుంది? ఎండ కూడా లేదే అటువైపు. అన్నయ్య కూడా అంత ఉండేవాడట పుట్టినప్పుడు. అన్నయ్య అంటున్నాను కానీ నేను చూసింది లేదు, నాకంటే ముందు పుట్టి ఒక్క రోజు ఉన్నాడు. అమ్మ ఆ కథ ఎప్పుడూ ఒక్కలాగే చెప్పేది, నాలుగు కిలోల ఎనిమిది వందలు, పక్క వార్డుల నర్సులు కూడా వచ్చి చూసి వెళ్ళారు, తూకం రాయి తప్పేమో అని రెండుసార్లు తూచారు, అని. నాలుగు కిలోల ఎనిమిది వందలు అన్నప్పుడు అమ్మ మొహం పతకం గెలిచినవాళ్ళ మొహంలా ఉండేది. అక్కడితో కథ అయిపోయేది. తరవాత ఏమైంది అంటే, రాసిపెట్టి లేదు అనేది, గిన్నెలు తోముకోవడానికి లేచేది.

పోయిన వారం డాక్టరమ్మ నాకు చెబుతున్నప్పుడు అమ్మ నా వెనక నిలబడి ఉంది. తల్లి రక్తంలో చక్కెర ఎక్కువైతే లోపల బిడ్డ బాగా పెద్దదవుతుంది, పెద్ద బిడ్డ పుట్టిందని అందరూ సంతోషపడతారు, కానీ బొడ్డు కోసిన తరవాత ఆ చక్కెర ఒక్కసారిగా ఆగిపోతుంది, బిడ్డకి చక్కెర పడిపోతుంది, మొదటి గంటల్లో కనిపెట్టి చూసుకోకపోతే ప్రమాదం, మనం చూసుకుంటాం, మీరేం భయపడకండి. నేను భయపడటంలో మునిగిపోయి ఉన్నాను. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. బస్సెక్కితే అమ్మ ఊరుకోవడమనేది లేదు, ఆ రోజు కండక్టరు కుర్రాడు స్టాపు పేరు పిలవడం మర్చిపోయాడు, చిల్లర తప్పిచ్చాడు, ఫుట్‌బోర్డు మీద ముగ్గుర్ని వేలాడనిచ్చాడు, అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను ఇన్సులిన్ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇద్దరం ఒకే సీట్లో ఉన్నాం, ఆమె ఎక్కడుందో నేను చూసుకోలేదు. ఆ మర్నాడే కదా జామ్ సీసా పట్టుకుపోయింది.

 వారం నుంచీ ఈమె మోస్తున్నది సంచీలో సీసాలు అనుకున్నాను. అమ్మా అన్నాను. ఇంకా ఇరవై నిమిషాలుంది, నీళ్ళు కూడా తాగకు అంది. నీళ్ళు తాగొచ్చని డాక్టరే చెప్పింది అనబోయి ఊరుకున్నాను. ఏమని అడగాలి, అడిగి ఏమని చెప్పాలి, ఈ వరండాలో, ఇంతమంది పొట్టల మధ్య. చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకోబోయాను. సంచీ కోసం అనుకున్నట్టుంది, దాన్ని తీసి అవతలి పక్కన పెట్టుకుంది. అయినా పట్టుకున్నాను. ఒకసారి నా మొహం చూసి, కళ్ళు తిరుగుతున్నాయా అంది. లేదన్నాను. అయితే పట్టుకో అంది, గడియారం వైపు తిరిగింది.

నర్సు పిలిచింది. వేలు, దూది, సూది, బొట్టు. మిషన్ ఒక క్షణం ఆలోచించింది, ఆ క్షణంలో నేను మళ్ళీ బతుకులో తీపి ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను, ఒట్టు పూర్తయ్యేలోపే నూట పధ్నాలుగు పడింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ బయటికి తల పెట్టి, నూట పధ్నాలుగు, అని స్టాపు పేరు పిలిచినట్టు పిలిచింది, వరండాలో ఉన్నవాళ్ళంతా తమ కాగితాలు చూసుకున్నారు.

డాక్టరమ్మ సంతోషపడింది. సూది అక్కర్లేదు, ఇలాగే సాగనివ్వండి, పుట్టగానే బిడ్డకి కూడా చక్కెర చూస్తాం అని చెప్పి కలం మూసింది. నేను లేచాను, నేను లేవడమంటే కొంచెం సేపు పట్టే వ్యవహారం, సగం లేచేసరికి అమ్మ ఇంకా కూర్చునే ఉంది.

"డాక్టరమ్మా, ఒక్క మాట. నాలుగు కిలోల ఎనిమిది వందలంటే, అది కూడా ఇదేనా?"

"ఎవరి గురించమ్మా?"

"దీనికి ముందు నాకొక పిల్లాడు. మర్నాటికి లేడు."

నేను మళ్ళీ కూర్చున్నాను. డాక్టరమ్మ మెల్లగా ఒక్కొక్కటే అడిగింది, అమ్మ ఒక్కొక్కదానికీ నిన్న జరిగినట్టే చెప్పింది. పాలు పట్టలేదు. నిద్రలోనే ఉండేవాడు. చేతులు వణికాయి, చలేమో అనుకుని ఇంకో దుప్పటి కప్పాం. ఈ మాటలు నేను ఎప్పుడూ వినలేదు. నాకు వినిపించిన కథలో తూకం వరకే ఉంది, మిగతాదంతా అమ్మ ఒక్కతే ఇన్నేళ్ళూ దాచి ఉంచుకుంది.

"ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను," అంది డాక్టరమ్మ. "అదే అయ్యుండొచ్చు."

"నేను తీపి తిన్నాననా?"

"మీరు తిన్నందుకు కాదమ్మా. మీకు షుగరుందని చెప్పినవాళ్ళు లేరు, పుట్టాక పిల్లాడికి చూసినవాళ్ళు లేరు. మీ చేతిలో ఏం ఉంది అందులో?"

అమ్మ తల ఊపింది. చేతిరుమాలు తీసి మొహం తుడుచుకుంది, మెడ తుడుచుకుంది, తుడవాల్సిన అవసరం లేని మోచేతులు కూడా తుడుచుకుంది.  ఆ తుడవడం అయ్యాక డాక్టరమ్మ, ఇంతకీ మీరు షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు అని అడిగింది. నాకేం, రాయిలా ఉన్నాను అంది అమ్మ. అలాంటి బిడ్డని కన్నవాళ్ళు తప్పకుండా చూపించుకోవాలి అని, వద్దు వద్దంటుండగానే డాక్టరమ్మ నర్సుని పిలిచింది. అమ్మ వేలు, దూది, సూది, బొట్టు. రెండు వందల అరవై.

మిషన్ పొద్దుట్నుంచీ పనిచేస్తోంది, అలిసిపోయి ఉంటుంది అంది అమ్మ. ఇంకో వేలు ఇచ్చింది. రెండు వందల అరవై నాలుగు. చూశారా, మాట మారుస్తోంది అంది. పొద్దున ఏం తిన్నారని డాక్టరమ్మ అడిగితే, ఏముంది, బ్రెడ్డు అంది. దాని మీద ఏం రాశారు అంటే కొంచెం సేపు పైన తిరుగుతున్న ఫ్యాను చూసి, జామ్ అంది. అప్పుడు నాకు తెలిసింది మా ఇంట్లో జప్తు చేసిన సరుకంతా ఏమైపోయిందో. కేకు? అన్నాను. పారేస్తారా ఎవరైనా, అంత మంచి కేకు అంది. తేనె? అన్నాను. సంచీ ఒళ్ళోకి లాక్కుంది. కంచే చేను మేసింది, వారం రోజుల్లో, సీసా అడుగు దాకా. నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో, పొట్ట పట్టుకుని నవ్వాను, లోపలి మనిషి కంగారుపడి అటూ ఇటూ తన్నాడు, డాక్టరమ్మ కాగితంలోకి తల దించేసింది, నర్సు దూది కోసమని బయటికెళ్ళిపోయింది. అమ్మ మాత్రం నవ్వలేదు. మాత్రలు రాయించుకుంది, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, తీపి బంద్, నడక తప్పదు, అన్నం పూటకి అరకప్పు, అన్నిటికీ తల ఊపింది. తరవాత ఎవరూ చెప్పకుండానే లేచి వరండా చివరికి నడిచి ప్లాస్టిక్ పళ్ళ పిల్ల తలుపు కొట్టింది. మూసి ఉంది, భోజనానికి వెళ్ళిందట.

బస్టాపులో బెంచీ ఒకటే ఉంది, ఇద్దరం సర్దుకుని కూర్చున్నాం. ఎండ బాగా కాస్తోంది. నాకు ఆకలేస్తోంది, అన్నయ్యకి పేరేమైనా పెట్టారా అని అడగాలని ఉంది, ఇప్పుడా, ఇంటికెళ్ళాకా, లేక ఇంకో రోజు, ఎవరూ లేనప్పుడు, గిన్నెలు తోముకోవడానికి ఆమె లేచే లోపల. అమ్మ రోడ్డు వైపు చూస్తోంది. బస్సు ఒకటి వచ్చింది, మాది కాదు, వెళ్ళిపోయింది. అమ్మ గొంతు సవరించుకుంది.

"ఆవిడ అరకప్పు అన్నది బియ్యమా, అన్నమా?"

"అన్నం," అన్నాను.

అమ్మ అరచెయ్యి గిన్నెలా ముడిచి, అందులో ఎంత పడుతుందో చూసుకుంటూ కూర్చుంది, మా బస్సు వచ్చేదాకా.